యాంటెన్నాల మధ్య మూడు మీటర్లు

వైర్‌లెస్ సామాను తయారుచేసే తీరప్రాంత నిస్తంత్రీ పరికరాల సంస్థలో తుమ్ము వచ్చినా ఏ నియమం కింద వచ్చిందో చూసుకుని తుమ్ముతారు. నియమం దొరక్కపోతే ఆపుకుంటారు. అంతటి పద్ధతైన కార్యాలయం అది. ప్రహరీగోడ అవతలే సముద్రం. కానీ ఏసీ చల్లదనం బయటికి పోతుందని కిటికీలు తెరవరు కాబట్టి, సముద్రం సంగతి లోపలివాళ్లలో చాలామందికి గుర్తుండదు.

అటువంటి చోట గొర్లె హైమావతి అనే ఇంజినీరు ఒక పొరపాటు చేసింది. పనిచేయని ఒక పరికరాన్ని బాగుచేసింది.

పరికరం పేరు తీరబంధు. చేతిలో ఇమిడే డబ్బా. వేటకు వెళ్లే ప్రతి బోటుకీ సంస్థ ఒకటి ఇచ్చింది. అందులో రెండు యాంటెన్నాలు. ఒకటి మాటను ఒడ్డుకు పంపేది. రెండోది ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుని బోటు ఏ చోట ఉందో కనిపెట్టేది. మీట నొక్కి మాట్లాడితే, మాటతోపాటు చోటు కూడా ఒడ్డునున్న తెర మీద పడాలి. కాగితం మీద అంతా దివ్యంగానే ఉంది. తీరా చూస్తే రెండు యాంటెన్నాలనూ ఒకే రాగిరేకు మీద పక్కపక్కనే నిలబెట్టారు మహానుభావులు. మాట యాంటెన్నా నోరెత్తిందంటే దాని రొద రేకు మీదుగా పాకి, చోటు యాంటెన్నా చెవులు గింగురుమనేవి. ఇక దానికి ఆకాశం నుంచి ఒక్క ముక్క వినబడేది కాదు. మాట్లాడినంతసేపూ మనిషి ఎక్కడున్నాడో తెలియదు. నోరు మూసుకుంటే ఎక్కడున్నాడో డబ్బాకు తెలుస్తుంది, కానీ ఎవరికీ చెప్పదు. ఇంత చక్కని వస్తువుకు దండలు వేసి, కొబ్బరికాయ కొట్టి, ప్రారంభోత్సవం కూడా చేశారు.

కిందటేడు సూరాడ పోలయ్య బోటు సముద్రం మధ్యలో ఆగిపోయింది. బోట్లు ఆనే జెట్టీ మీద లౌడ్ స్పీకరు ఉంది. ఒడ్డునున్న వైర్‌లెస్ గదికి ఏ బోటు మాట వచ్చినా అందులో వినిపిస్తుంది. "ఎక్కడున్నావు?" అని ఒడ్డు అడిగింది. "ఇక్కడే ఉన్నాన్రా! ఇక్కడే!" అని పోలయ్య అరిచాడు. బ్యాటరీ అయిపోయేదాకా అదే ప్రశ్న, అదే జవాబు. రేవంతా విన్నది. అతని పెళ్లాం విన్నది. ఆ ఇక్కడ ఎక్కడో ఎవరికీ తెలియలేదు. పోలయ్య మళ్లీ రాలేదు.

పోలయ్యకు అన్న అయిన ఎర్రయ్య బోటు యజమానుల సంఘానికి అధ్యక్షుడు. సంస్థ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. అందరూ అతన్ని పక్క గదిలోకి పొమ్మన్నారు. హైమావతి ఒక్కతే కుర్చీ చూపించింది.

"ఇంజినీరమ్మా, నా తమ్ముడు మాటాడతానే పోనాడు" అన్నాడు ఎర్రయ్య. "ఆడి మాట ఇన్నాను గానీ ఆడి సోటు నాకు దొరకనేదు. సేపలు గుడ్లెట్టే కాలం ఏట నిషేదం అయిపోగానే మా కుర్రోళ్లంతా మళ్లా సముద్రం మీదికెల్తారు. ఆలోగా ఈ డబ్బా బాగుసెయ్యండి. మావల్ల కాదంటే ఆ మాటే సెప్పీండి, అన్నీ గంగలో పారేసి మా దారిన మేం పోతాం."

"వేట మొదలయ్యేలోగా చేస్తానండీ" అని హైమావతి మాటిచ్చింది.

చేసింది కూడా. నిలబడి ఉన్న చోటు యాంటెన్నాను అడ్డంగా పడుకోబెట్టింది. రెండింటికీ మధ్య రాగిరేకును అంచు నుంచి వేలెడంత పొడవున చీల్చింది. రొద ఆ చీలిక దాటి పోలేక ఆగిపోయింది. మీట నొక్కి మాట్లాడితే మాటా వెళ్లింది, చోటూ వెళ్లింది. ఆ సంబరంలో పరుగున వెళ్లి డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టింది.

డైరెక్టర్ త్రిలోచనరావు గారు డబ్బాను ముట్టుకోలేదు. ఏదో చచ్చిన బొద్దింకను చూసినట్టు చూశారు.

"ఏ నియమం ప్రకారం చీల్చారమ్మా?"

"నియమం అంటూ ఏం లేదండీ. చీలిస్తే పనిచేసింది."

"పనిచేయడం అనేది ఒక అభిప్రాయం. నియమానుసారం ఉండటం అనేది ఒక వాస్తవం. మనది ప్రభుత్వ సంస్థ. మనం వాస్తవాల మీద నడుచుకోవలసి ఉంటుంది" అని ఆయన గంట నొక్కి, నియమ పరిశీలనాధికారి శఠగోపాచార్యుల వారిని పిలిపించారు.

ఆచార్యుల వారి చొక్కా జేబులో కలంతోపాటు ఎప్పుడూ ఒక కొలత టేపు ఉంటుంది. సంస్థలో ఏ పని ముందుకు కదలాలన్నా దానికి ఆయన ఒక నియమం వెతికి పెట్టాలి. అది ఇక్కడి ఆచారం. యాంటెన్నా అన్న మాట ఉన్న నియమావళి సంస్థ మొత్తం మీద ఒకటే దొరికింది. మేడల మీదా కొండల మీదా టవర్లు నిలబెట్టేవారి కోసం ఎప్పుడో రాసినది.

"ఇదుగో, స్పష్టంగా సెలవిచ్చారు" అన్నారు ఆచార్యుల వారు కళ్లజోడు సవరించుకుని. "రెండు యాంటెన్నాల మధ్య దూరం మూడు మీటర్లకు తగ్గరాదు."

"సార్, అది టవర్లకండీ! ఇది డబ్బా" అంది హైమావతి.

"యాంటెన్నా అంటే యాంటెన్నాయేనమ్మా. మేడ మీద ఉన్నదానికో న్యాయం, డబ్బాలో ఉన్నదానికో న్యాయమా? మీ దానిలో ఎడం ఎంత?" అని టేపు పెట్టి చూశారు. "రెండు వేళ్లు! శివ శివా!"

వైష్ణవుడి నోట శివుడు వచ్చాడంటే ఆయన ఎంత కలతపడ్డారో ఊహించుకోవచ్చు. హైమావతి చీల్చిన డబ్బాను నమూనాగా కూడా పరిగణించరాదని అక్కడికక్కడే తీర్మానమైంది. ఆమె దాన్ని తీసుకెళ్లి తన సొరుగులో పెట్టుకుంది. గట్టిగా నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయం. ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది. పైగా, చదువుకున్నవాళ్లు కదా, నాలుగు రోజులు పోతే వాళ్లే తెలుసుకుంటారులే అనుకుంది. పిచ్చితల్లి.

నియమబద్ధమైన తీరబంధు తయారైంది. మూడు మీటర్ల అల్యూమినియం గొట్టం, ఈ కొసన ఒక యాంటెన్నా, ఆ కొసన ఒక యాంటెన్నా, మధ్యలో డబ్బా. దాన్ని వరండాలో పట్టుకుని నడిచి చూపించబోయిన ఉద్యోగి మలుపు దగ్గర తిరిగేసరికి ఒక ట్యూబ్‌లైటూ, డైరెక్టర్ గారి పేరు రాసిన బోర్డూ కిందపడ్డాయి. "చేతిలో ఇమిడేది అని ప్రకటించాం కదండీ, మరి ఇది?" అని హైమావతి అడిగితే, "చెయ్యి ఎంత పొడవుండాలో నియమాల్లో లేదు" అని ఆచార్యుల వారు ఆమె నోరు మూయించారు.

ఒక నియమం పట్టుకున్నాక తక్కినవాటిని వదిలేస్తే మర్యాదగా ఉండదు కదా. గొట్టాన్ని నిలబెడితే అది టవరు. టవరు కొసన ఎర్రదీపం ఉండాలి, విమానాలు గుద్దుకోకుండా. దీపం పెట్టారు. గాలికి పడకుండా నాలుగు దిక్కులా ఇనుప తాళ్లు బిగించాలి. బిగించారు. చుట్టూ ముళ్లకంచె వేయాలి. వేశారు. కంచెకు పుర్రె బొమ్మతో 'ప్రమాదం' బోర్డు తగిలించారు. పరికరం పనిచేస్తున్నప్పుడు మనుషులెవరూ కంచె లోపలికి రాకూడదు. అయితే మాట్లాడేదెవరు? దీనిమీద సమావేశం పెట్టి, టీ తాగి, చర్చించి, మాట్లాడువాడు కంచె వెలుపల నిలబడి ఒక రబ్బరు గొట్టం ద్వారా మాట్లాడవలెనని నిర్ణయించారు. ఆ గొట్టం తోటలో మొక్కలకు నీళ్లు పెట్టేది. పరీక్షించిన రోజు అందులోంచి మాటకు ముందు కాస్త నీళ్లు వచ్చాయి.

ఇదంతా ఒక బోటు మీద అమర్చి ఎర్రయ్యను పిలిపించారు. అతను బోటు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా కంచె. వలకు చోటు లేదు, ఐసుకు చోటు లేదు, మనిషి కాలు పెట్టడానికి చోటు లేదు.

"బాబూ, మరి సేపలెక్కడ ఎట్టాల?" అన్నాడు.

"చేపలు మత్స్యశాఖ పరిధిలోకి వస్తాయి" అన్నారు డైరెక్టర్ గారు.

"మనుషులో?"

"అది రెవెన్యూ వాళ్లు చూసుకుంటారు."

ఎర్రయ్య హైమావతి వంక చూశాడు. ఆమె తల దించుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది. ఇచ్చిన మాట సొరుగులో పడుంది, వేట మొదలయ్యే రోజు ముంచుకొస్తోంది.

బోటు సరిపోవడం లేదన్న ఫిర్యాదును సంస్థ చాలా సానుభూతితో పరిశీలించింది. పరిశీలించి, ఒక్కొక్క పరికరానికి రెండేసి బోట్లు వాడవలెనని ఉత్తర్వు ఇచ్చింది. ముందు బోటులో మాట యాంటెన్నా, వెనక బోటులో చోటు యాంటెన్నా. ఇంజిను రొద చోటు యాంటెన్నాకు పడదు కాబట్టి వెనక బోటుకు ఇంజిను ఉండదు. ముందు బోటు దాన్ని ఇనుప తాడుతో లాక్కుపోతుంది. రెండింటికీ నడుమ తాడు వెంబడే ఒక తీగ. మాట వెళ్లేటప్పుడు చోటు ఆ తీగ మీదుగా వచ్చి దానితో కలుస్తుంది. కొలిచి చూస్తే ఒక యాంటెన్నా రొద రెండోదానికి రవ్వంత కూడా అందలేదు. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ సాధించని ఫలితమని డైరెక్టర్ గారు పత్రికల వాళ్లకు చెప్పారు. ఆ ముక్క మాత్రం నిజమే.

వేట నిషేధం ముగిసే రోజు మధ్యాహ్నం ప్రారంభోత్సవం. జెట్టీ మీద షామియానా వేశారు. బోటు యజమానులంతా తమ పాత డబ్బాలు పట్టుకుని వచ్చారు, అవి వెనక్కిచ్చేస్తేనే కొత్తవి ఇస్తామన్నారని. ముందు బోటులో డైరెక్టర్ గారు, హైమావతి, బోటు నడిపే సరంగు ఎక్కారు. వెనక బోటులో ఆచార్యుల వారు చోటు యాంటెన్నాకు తోడుగా పద్మాసనం వేసుకుని కూర్చున్నారు. ఆ పొద్దున కార్యాలయం నుంచి బయల్దేరే ముందు హైమావతి ఎందుకో సొరుగు తెరిచి, చీల్చిన డబ్బాను తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఒడ్డు మసకబారేంత దూరం వెళ్లాక డైరెక్టర్ గారు రబ్బరు గొట్టం అందుకుని, "తీరవాసులారా!" అని మొదలుపెట్టారు. జెట్టీ మీద చప్పట్లు కొట్టారు. అప్పుడే ఒక పెద్ద కెరటం వచ్చి వెనక బోటును ముందుకు తోసింది. తాడు వదులైంది, జారింది, ముందు బోటు కింద నీళ్లలో తిరిగే పంకాకు చుట్టుకుంది. పంకా మూలిగి ఆగిపోయింది. తీగ తెగింది. వెనక బోటు కట్టు తెంచుకున్న దూడలా మరో దిక్కుకు పోయింది. సరంగు నీళ్లలో మునిగి చూసి, "తాడయితే కోసీవోణ్ణి. ఇనపది ఏసినారు, కత్తికి తెగదు" అని పైకొచ్చి కూర్చున్నాడు.

నీటి వడి ఎక్కువగా ఉంది. ఒడ్డు కనుమరుగైంది. డైరెక్టర్ గారు గొట్టంలో మాట్లాడారు. మాట శుభ్రంగా వెళ్లింది. ఒడ్డు నుంచి జవాబూ వచ్చింది.

"వస్తామండీ. ఎక్కడున్నారు?"

డైరెక్టర్ గారు చుట్టూ చూశారు. చుట్టూ నీళ్లు. ఏ చోటో తెలిసిన యాంటెన్నా వెనక బోటులో ఆచార్యుల వారి దగ్గరుంది. ఆయన దూరాన చుక్కంత కనబడుతూ, లేచి నిలబడి ఉత్తరీయం ఊపుతున్నారు. ఆయనకు చోటు తెలుసు, మాట లేదు. వీళ్లకు మాట ఉంది, చోటు తెలియదు. డబ్బాలో రెండు వేళ్ల మేర ఉన్న జబ్బును సంస్థ కష్టపడి సముద్రమంత చేసింది.

"ఎక్కడున్నారండీ?" ఒడ్డు మళ్లీ అడిగింది.

"ఇక్కడే ఉన్నామయ్యా! ఇక్కడే!" అని డైరెక్టర్ గారు అరిచారు.

ఆ మాట ఇప్పుడు జెట్టీ మీద లౌడ్ స్పీకరులో మోగి ఉంటుంది. ఎర్రయ్య విని ఉంటాడు. పోలయ్య పెళ్లాం విని ఉంటుంది. ఇక హైమావతికి ఉద్యోగం గుర్తుకు రాలేదు, ఇల్లు గుర్తుకు రాలేదు. బ్యాగులోంచి డబ్బా తీసి మీట నొక్కింది.

"ఎర్రయ్య గారూ, నేను హైమావతిని. మా చోటు మీ తెర మీద పడుతోంది చూడండి."

ఎర్రయ్య బోటు సూటిగా వచ్చేసింది. దారిలో వెనక బోటును కూడా చూసి, ఆచార్యుల వారిని ఎక్కించుకునే వచ్చాడు. అందరినీ తన బోటులోకి ఎక్కించుకుని, పొడి తువ్వాళ్లిచ్చి, వేడి టీ పోశాడు. డైరెక్టర్ గారు టీ తాగారు. ఒణుకు తగ్గింది. ఒణుకు తగ్గగానే నియమాలు గుర్తొచ్చాయి.

"నిషేధం ఇంకా ముగియలేదు. బోటు ఎలా బయటికి తీశావయ్యా? అది తరవాత చూస్తాం. హైమావతీ, ఆ వస్తువేమిటి? ఆచార్యులు గారూ, కొలవండి."

"రెండు వేళ్లేనండీ" అన్నారు ఆచార్యుల వారు తడి టేపు దులుపుతూ.

"నిషేధించిన పరికరాన్ని నా సమక్షంలోనే వాడటం! స్వాధీనం చేసుకోండి. పంచనామా రాయండి."

ఆచార్యుల వారు రాయసాగారు. స్వాధీనపరచుకున్న స్థలం అన్నచోట కలం ఆగింది. అటు చూశారు, ఇటు చూశారు. అన్నివైపులా ఒకే రకంగా ఉంది. "అమ్మా హైమావతీ, అది ఒక్కసారి నొక్కి మనమెక్కడున్నామో చెబుతావా?" అన్నారు. ఆమె నొక్కి, ఒడ్డును అడిగి చెప్పింది. అక్షాంశం, రేఖాంశం గుండ్రటి అక్షరాలతో రాసుకుని, డబ్బాను సంచిలో వేసి, టీ కాచిన పొయ్యి మీదే లక్క కరిగించి సీలు వేశారు.

ఎర్రయ్య ఇదంతా చుక్కాని దగ్గర నిలబడి చూస్తున్నాడు. బోటును జెట్టీ దగ్గరికి తెచ్చి, ఆనుకోబోయే ముందు ఇంజిను ఆపాడు. పొడవాటి వెదురు గెడ వేసి బోటును అక్కడే నిలిపాడు. మధ్యలో నల్లటి లోతు నీళ్లు. జెట్టీ మీద రేవంతా నిలబడి ఉంది.

"ఆపేవేమయ్యా? ఆనించు" అన్నారు డైరెక్టర్ గారు.

"గట్టుకీ బోటుకీ మద్దిన మూడు మీటర్లు ఉండాల గదా బాబూ. రూలు."

"అది యాంటెన్నాలకయ్యా! బోట్లకు కాదు!"

"టవర్లది డబ్బాలకి అంటించినారు. డబ్బాలది బోట్లకి అంటిత్తే ఏటి తప్పు? ఆచార్లు బాబూ, టేపు తియ్యండి. తక్కువుంటే సెప్పండి, ఎనక్కి తోత్తాను."

జెట్టీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. డైరెక్టర్ గారికి ఈత రాదు. ఆచార్యుల వారి చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి పోయి, టేపు తీసి, సిగ్గుపడి మళ్లీ లోపల పెట్టేసింది.

హైమావతి బోటు అంచుకు వచ్చి నిలబడి, జెట్టీ వైపు గొంతెత్తింది.

"మీ డబ్బాలు మీ దగ్గరే ఉన్నాయా?"

ఉన్నాయని అందరూ చేతులెత్తి చూపించారు.

"వెనక మూత తీయండి. లోపల రాగిరేకు కనబడుతుంది. దాని మీద రెండు తీగలు నిలబడి ఉంటాయి."

"హైమావతీ! అది కార్యాలయ రహస్యం!" డైరెక్టర్ గారు ఆమె వైపు రెండడుగులు వేశారు. ఎర్రయ్య గెడను కొంచెం కదిపాడు. బోటు ఊగింది. ఆయన ఉన్నచోటే కూలబడి, సీలు వేసిన సంచిని గట్టిగా వాటేసుకున్నారు.

"రెండు తీగల మధ్య రేకును అంచు నుంచి వేలెడంత చీల్చండి. మామూలు కత్తెరకే తెగుతుంది. తరవాత పొట్టి తీగను, అదే చోటు కనిపెట్టేదాన్ని, మెల్లగా అడ్డంగా పడుకోబెట్టండి. విరగ్గొట్టకండి, మెల్లగా! అంతే. ఇంకేం లేదు."

అందరూ కత్తెరల కోసం పరుగులు పెట్టారు. ముందుగా చీల్చింది పోలయ్య పెళ్లాం నీలమ్మ. మొగుడి బోటుతో పాటు అతని డబ్బా పోయింది, ఆమె చేతిలో ఉన్నది కొడుకుది. మీట నొక్కి ఏమీ మాట్లాడలేక ఏడ్చేసింది. ఏడుపు లౌడ్ స్పీకరులో వినిపించింది. వైర్‌లెస్ గదిలోంచి ఒకతను బయటికొచ్చి, "పడింది! చోటు పడింది!" అని కేకేశాడు. అప్పుడు గానీ ఎర్రయ్య బోటును జెట్టీకి ఆనించలేదు.

మర్నాడు బోట్లన్నీ వేటకు వెళ్లాయి. ఏ బోటు ఎక్కడుందో తెర మీద చక్కగా కనబడుతోంది. సంస్థ ఊరుకుంటుందా? మూడు మీటర్ల నియమం జారీ అయిన నాటి నుంచి తీరంలోని యాంటెన్నాలన్నింటిలోనూ క్రమశిక్షణ నెలకొన్నదని నివేదిక పంపింది. అదే చేత్తో, నియమవిరుద్ధమైన పరికరం పనిచేయుటకు కారణమేమో తెలుపవలసిందని హైమావతికి మెమో తయారుచేసింది. మెమో పట్టుకెళ్లిన మనిషి ఇంటికి తాళం చూసి తిరిగొచ్చాడు. చిరునామాదారు ఎక్కడున్నదో రాయనిదే మెమో తలుపుకు తగిలించడానికి వీల్లేదని ఆచార్యుల వారు అభ్యంతరం చెప్పారు.

చేసేది లేక డైరెక్టర్ గారు స్వయంగా జెట్టీకి వచ్చి, వైర్‌లెస్ గదిలో కూర్చుని ఎర్రయ్య బోటును పిలిచారు. డబ్బాలు సముద్రం మీద ఎలా పనిచేస్తున్నాయో చూడటానికి ఆమె ఆ బోటులో వెళ్లిందని అక్కడివాళ్లు చెప్పారు.

"హైమావతీ! ఎక్కడున్నావమ్మా నువ్వు?"

"ఇక్కడే ఉన్నాను సార్."

లౌడ్ స్పీకరులో ఆ మాట రేవంతా విన్నది. వల కుట్టుకుంటున్న నీలమ్మ కూడా తలెత్తి విన్నది. ఈసారి ఎవరూ ఎక్కడని అడగలేదు.